తొమ్మిదో నంబరును దించెయ్

కళ్లజోళ్ల షాపులో అతన్ని అందరూ కామెంటరీ అనే పిలిచేవారు. చేతులు అద్దాలు అరగదీస్తున్నా, ఫ్రేములకు మరలు బిగిస్తున్నా, నోరు మాత్రం ఊరుకునేది కాదు. అందులోనూ ఫుట్‌బాల్‌లో టీములను నడిపించే మేనేజర్లలో అందరికన్నా గొప్పవాడు ఎవరన్న మాట వచ్చిందంటే, కళ్లజోడు కోసం వచ్చినవాళ్లు కూడా నిలబడి వినాల్సిందే. మ్యాచంతా చూయింగ్ గమ్ నమిలే ముసలి మేనేజరే అందరికన్నా గొప్పవాడని అతని వాదన.

కొత్తగా చేరిన డాక్టరమ్మ మొదటి రోజే ఆ మాటల్లో తలదూర్చింది. కళ్లు పరీక్షించే గది తలుపు సగం తెరిచి, "మీ చూయింగ్ గమ్ తాత కాదండీ. అసలు ఆటనే మార్చేసింది మా బట్టతల మాస్టారు" అంది.

అతని చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కిందపడింది.

ఆ రోజు నుంచి టీ వేళ అయ్యిందంటే యుద్ధమే. తాత ఒకే క్లబ్బును ఏళ్ల తరబడి నిలబెట్టాడని అతను, మాస్టారు ఏ క్లబ్బుకెళ్లినా బంతిని అవతలివాళ్లకు అందనివ్వలేదని ఆమె. వాళ్లు వాదించుకుంటుంటే టీ చల్లారిపోయేది. వాదన గెలిచినప్పుడు నవ్వు ఆపుకోవడానికి ఆమె కింది పెదవి కొరుక్కుంటుందని అతను కనిపెట్టాడు. ఆ తర్వాత తరచుగా ఓడిపోవడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం వానకు ఇద్దరూ షట్టర్ కింద చిక్కుకుపోయారు. "ఆదివారం మా పేటలో మ్యాచ్ ఉంది, రండి. అసలైన గొప్ప మేనేజర్‌ను చూపిస్తాను" అంది ఆమె. రెండో మాట అతని చెవికెక్కలేదు. "రండి" దగ్గరే ఆగిపోయాడు. ఆదివారం మ్యాచ్ అయ్యాక మనసులో మాట చెప్పేయాలని అప్పుడే నిర్ణయించుకున్నాడు.

ఆదివారం చినుకులు పడుతున్నాయి. ఆడుతున్నది పార్సిల్ ఆఫీసు టీము. ఆమె రెయిన్‌కోటు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో మైదానం గీత పక్కన నిలబడి ఉంది. అతన్ని చూసి చెయ్యూపింది. అతను సిమెంటు మెట్ల మీద, టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన పక్కన చోటు చూసుకున్నాడు. టీము మేనేజర్ కిందటిసారి రిఫరీతో గొడవపడ్డాడని, అందుకే ఈ మ్యాచ్‌కు గీత దగ్గరికి రానివ్వలేదని చుట్టుపక్కల చెప్పుకుంటున్నారు.

ఆట చివరికొచ్చింది. చెరో గోల్ కొట్టి సమంగా ఉన్నారు. పెద్దాయన అటు తిరిగి ఫోనులో ఏదో గొణిగాడు. కాసేపటికి బెంచి మీంచి లేచి వార్మప్ చేస్తున్న కుర్రాణ్ణి ఆటలోకి పంపి, తొమ్మిదో నంబరును బయటికి పిలిచారు. పార్సిల్ ఆఫీసు తరఫున గోల్ కొట్టింది అతనే. బూట్లయినా విప్పకుండా గేటు వైపు పరుగెత్తాడు.

కామెంటరీ లేచి నిలబడ్డాడు. "ఈ మేనేజర్‌కు కళ్లున్నాయా అసలు? గోల్ కొట్టినవాణ్ణే దించేస్తాడా? ఒక్కసారి మా షాపుకు పంపించండి పెద్దాయనా, ఫ్రీగా అద్దాలు బిగించి పంపిస్తాను."

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు అతనికి ఊపిచ్చింది.

"ఇలాంటివాడికి టీము కాదు కదా, టీ కొట్టు అప్పగించినా మూసేస్తాడు."

ఈసారి వరస మొత్తం నవ్వింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "మంచిది బాబూ" అని మళ్లీ మైదానం వైపు తిరిగాడు. ఆఖర్న అవతలివాళ్లు గోల్ కొట్టారు. పార్సిల్ ఆఫీసు టోర్నమెంటు నుంచే తప్పుకోవాల్సి వచ్చింది.

ఆమె మెట్లెక్కి వచ్చింది. అతని దగ్గరికి కాదు, పెద్దాయన దగ్గరికి.

"నాన్నా, తొమ్మిదో నంబరు హాస్పిటల్‌కు చేరాడట" అంది. తర్వాత ఇయర్‌ఫోన్లు తీస్తూ కామెంటరీ వైపు చూసింది. "నాన్నను కింద నిలబడనివ్వలేదని దొంగచాటుగా ఫోనులో టీమును నడిపించాం. ఫోను ఆన్‌లోనే ఉంది. అంతా విన్నాను."

అతను గేటు వైపు చూశాడు.

"అతని భార్యకు నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. మ్యాచ్ అయ్యాక చెబుదామా అని అడిగాను. వద్దమ్మా, ఇప్పుడే దించెయ్ అన్నారు."

ఇద్దరూ ఒకే గొడుగు కింద వెళ్లిపోయారు. అతనికి తల కొట్టేసినట్టయింది. మాట తూలినందుకు ఎంత సిగ్గేసిందో, నలుగురు నవ్వినప్పుడు పొంగిపోయినందుకు అంతకు మించి సిగ్గేసింది.

మర్నాడు షాపులో అద్దాలు అరగదీసే గదిలోంచి అతను బయటికి రాలేదు. గొంతు పట్టేసిందా అని ఓనర్ అడిగితే అవునన్నాడు. టీ వేళకు ఆమె పిలవలేదు. పిలిచినా వెళ్లే ముఖం అతనికి లేదు.

సాయంత్రం ఓనర్ కేకేశాడు, కస్టమర్‌కు కొలతలు తియ్యమని. వచ్చి చూస్తే ఎదురుగా కుర్చీలో ఆ పెద్దాయన, అదే టోపీతో. ఇక తప్పించుకునే దారి లేదు. రెండు కంటిపాపల మధ్య దూరం కొలవాలంటే ఎదురుగా కూర్చుని సూటిగా కళ్లలోకి చూడాల్సిందే. అతను స్కేలు తీసుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"నా కళ్లలోకి చూడండి సార్" అన్నాడు, తను మాత్రం నేల చూస్తూ.

"నేను చూస్తూనే ఉన్నాను బాబూ. నువ్వే చూడటం లేదు."

అతను తలెత్తాడు. "క్షమించండి సార్. మీరని తెలియక అన్నానని చెప్పుకోను. ఎవరినైనా సరే, అలా అనకూడదు."

పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "పోనీ, ఇప్పుడు చెప్పు. అందరికన్నా గొప్ప మేనేజర్ ఎవరు?"

"చూయింగ్ గమ్ తాతేనండీ. ఇప్పుడు మాట మారిస్తే మిమ్మల్ని కాకా పట్టినట్టుంటుంది." అతను గొంతు సవరించుకున్నాడు. "కానీ నేనే ఆడేవాణ్ణయితే, మీ టీములో ఆడతాను."

"ఆదివారం ఆ ఒక్క మ్యాచ్ చూడటానికే వచ్చావా?"

అతను ఆమె గది వైపు చూశాడు. తలుపు వేసి ఉంది. "మా అమ్మాయి టీకి వెళ్లినట్టుందిలే" అన్నాడు పెద్దాయన తాపీగా.

"మీ అమ్మాయంటే నాకు ఇష్టమండీ. ఆ మాట చెబుదామనే వచ్చాను. ఇంతలో నోరు పారేసుకున్నాను. ఇక ఆమెను అడిగే అర్హత నాకు లేదు."

పెద్దాయన నెమ్మదిగా చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. అది ఆన్‌లోనే ఉంది.

"విన్నావా అమ్మా? ఇతన్నేం చేద్దాం?"

జవాబు ఫోనులోంచీ, తలుపు వెనక నుంచీ ఒకేసారి వినిపించింది. "బెంచి మీద కూర్చోబెట్టు నాన్నా."

అతని తల మళ్లీ వాలిపోయింది.

"వార్మప్ మాత్రం మొదలుపెట్టమను."

తలుపు సగం తెరుచుకుంది. ఆమె కింది పెదవి కొరుక్కుంటోంది.