వేపుడు మీద బెల్లం

"పిన్నీ! తొందరగా రా! ఆ అబ్బాయి వేపుడు మీద బెల్లం చల్లుకుంటున్నాడు!"

శ్రీరమ్య పెట్టిన కేకకి మెస్సులో భోంచేస్తున్నవాళ్లంతా ఎక్కడి ముద్ద అక్కడే ఆపేశారు.

మార్టూరు హైవే పక్కన వెంకటరావమ్మ మెస్సంటే చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీల వాళ్లందరికీ తెలుసు. ముఖ్యంగా ఆవిడ అక్క కూతురు శ్రీరమ్య చేసే బంగాళాదుంప వేపుడు. పదో తరగతి తప్పాక పిన్ని దగ్గరికి వచ్చి గరిటె పట్టుకున్న పిల్ల అది. చిన్న దుంపలు ఉడికించి, తొక్క తీసి, బాండీలో ఎర్రగా వేగనిచ్చి, దించేముందు గుప్పెడు వెల్లుల్లి కారం చల్లిందంటే రోడ్డు మీద పోయేవాడు కూడా తుమ్మాల్సిందే. లారీ డ్రైవర్లు ఆ వేపుడు కోసమే ఇక్కడ బండ్లు ఆపుతారు.

అలాంటి వేపుడు మీద, బెల్లం!

గోడవారగా కూర్చున్న ఆ కుర్రాడి కనుబొమల నిండా తెల్లగా రాతిపొడి. చొక్కా జేబులోంచి తీసిన కాగితం పొట్లం విప్పి, బెల్లం ముక్కని వేళ్లతో నలుపుతూ, తన వెనకాల ఏ పామో కనబడిందన్నట్టు తిరిగి చూశాడు.

"ఏమైందండీ?"

"ఏమైందా? పాయసం అనుకున్నారా అది? వేపుడు!"

"ఆయ్. వేపుడనే తింటున్నానండి. చాలా బావుంది. కాస్త తీపి తగిలితే ఇంకా బావుంటదండి."

ఆ 'ఆయ్' చెవిన పడగానే పక్క బల్ల మీద ఉన్న లారీ డ్రైవర్ కోటేష్ ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "ఒరేయ్, గోదారోడురా! జేబులో బెల్లం పెట్టుకు తిరుగుతున్నాడు, చీమలు పీక్కు తినట్లా?"

మెస్సంతా గొల్లుమంది. ఆ కుర్రాడు కూడా నవ్వేసి, "అసలు మా అమ్మ..." అని ఏదో చెప్పబోయాడు.

"తెలుసులెండి," శ్రీరమ్య అడ్డుపడింది. "మీ అమ్మగారు ఆవకాయలో కూడా బెల్లం వేసే రకమయ్యుంటారు."

"వేస్తారండి," అన్నాడతను.

శ్రీరమ్య చేతిలో గరిటె జారి కిందపడింది.

అతని పేరు వీరబాబు. రావులపాలెం నుంచి వచ్చి రాళ్లు కోసే మిషన్ మీద కొత్తగా చేరాడు. ఆ రోజు నుంచి మెస్సులో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. 'బెల్లం' అంటేనే పలికేవాడు.

మర్నాడు శ్రీరమ్య పంతం కొద్దీ వేపుడులో కారం రెట్టింపు వేసింది. వీరబాబు చెవులు ఎర్రబడ్డాయి. నుదుటి మీది చెమటకి రాతిపొడి తడిసి చారలు కట్టింది. అయినా పళ్లెం ఖాళీ చేసి, "మారు వడ్డిస్తారా?" అని అడిగాడు. వడ్డించగానే మళ్లీ జేబులోంచి పొట్లం తీశాడు.

"మీకు నాలుకుందా లేదా?"

"ఉందండి. అది బెల్లం అడుగుతోంది."

అతను వచ్చే వేళకి ఏదో ఒక వంకన ఆమె వంటింట్లోంచి బయటికి రావడం, తిట్టడం, అతను నవ్వడం. వెంకటరావమ్మకి అనుమానం రానే వచ్చింది. "ఏమే, వడ్డించడానికి నేను లేనా? పొయ్యి మీద పులుసు మాడుతోంది, లోపలికి పో!"

ఒక మధ్యాహ్నం అందరూ తిని వెళ్లాక నాలుగు దుంపలు మిగిలాయి. శ్రీరమ్య అటూ ఇటూ చూసి వంటింటి తలుపు దగ్గరగా వేసింది. బెల్లం తరిగి నూనెలో ముందే వేసేసింది. అది క్షణంలో నల్లగా మాడి బాండీకి అంటుకుపోయింది. గీకి, కడిగి, మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి దుంపలు ఎర్రబడేదాకా ఆగి, ఉప్పూ వెల్లుల్లి కారం పట్టించి, చిక్కటి చింతపండు రసం చిలకరించి, మంట తగ్గించి ఆఖర్న బెల్లం వేసింది. దుంపలకి లక్క పూసినట్టు మెరుపొచ్చింది.

ఒకటి నోట్లో వేసుకుంది.

ముందు తీపి. దాని వెనకే పులుపు. అయిపోయిందిలే అనుకునేలోగా కారం వచ్చి చెవి మెలిపెట్టింది.

శ్రీరమ్య ఉన్నచోటే పీట మీద కూలబడింది. "అమ్మో! ఇంత బావుందేంటి!"

ఊరు ఊరంతటికీ ద్రోహం చేసినట్టనిపించింది. అనిపిస్తూనే మిగిలినవి కూడా తినేసింది.

"ఏమే, పాకం వాసనేంటి?" వసారాలోంచి పిన్ని గొంతు.

"పక్కింట్లో జైతున్‌బీ పిన్ని ఏదో చేస్తున్నట్టుంది!"

"నేనేం చెయ్యట్లేదు!" అని గోడ అవతల్నించి జైతున్‌బీ అరిచింది.

మర్నాడు వీరబాబు పళ్లెంలో అన్నం కింద రహస్యంగా ఆ వేపుడు పెట్టింది. అలవాటుగా జేబులో చెయ్యి పెడుతూనే అతను మొదటి ముద్ద తిన్నాడు. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. తలెత్తి వంటింటి గుమ్మం వైపు చూశాడు. శ్రీరమ్య గభాల్న తలుపు వెనక్కి తప్పుకుంది కానీ ఓణీ చెంగు బయటే ఉండిపోయింది.

ఆ రోజు పొట్లం జేబులోంచి బయటికి రాలేదు.

మార్చి నెల. ఏడాదికి సరిపడా మిరపకాయలు మేడ మీద ఆరబోసి ఉన్నాయి. వాన మాటే లేని రోజుల్లో మిట్టమధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. "కాయలు!" అని వెంకటరావమ్మ కేక వేయగానే వీరబాబు అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, మెట్లెక్కి పరిగెత్తాడు. అతనూ శ్రీరమ్యా రెండు చేతులా కాయలు కుప్పచేసి పట్టా కప్పేసరికి చినుకులు టపటపా మొదలయ్యాయి.

మొహం మీద పడ్డ వాన నీళ్లు తుడుచుకుందామని అతను చేత్తో కళ్లు రుద్దుకున్నాడు.

"అమ్మా!"

"నలపకండి! ఆ చేత్తో నలపకండి!" శ్రీరమ్య అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, మొహం వానకి ఎదురయ్యేలా అతన్ని తిప్పింది. "అలాగే ఉండండి. నీళ్లు పడనివ్వండి."

కాసేపటికి గానీ తను ఎవరి చేతులు పట్టుకుందో ఆమెకి తెలిసిరాలేదు. వదలబోతే అతను వదల్లేదు.

"ఏమండీ, కళ్లు మూసుకుని ఉన్నాను కాబట్టి ధైర్యం వచ్చింది. మిమ్మల్ని పెళ్లి చేసుకుంటానండి."

నెత్తి మీద పిడుగు పడ్డా ఆమె అంత ఉలిక్కిపడేది కాదు. "ఇదేం అడగడం? ఇంత మంటలోనా?"

"మంట తగ్గాక అడిగే ధైర్యం ఉండదండి."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మీ అమ్మగారు ఒప్పుకుంటారా? నాది కారం చెయ్యి."

"అసలు మా అమ్మది..."

"అమ్మాయ్! పట్టా ఎగిరిపోతోందే!" కిందనుంచి పిన్ని కేక. శ్రీరమ్య చేతులు విడిపించుకుని పరిగెత్తింది.

సాయంత్రం వీరబాబు ఎర్రటి కళ్లతోనే వెంకటరావమ్మ ముందు నిలబడి అడిగేశాడు. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి, వాళ్ల ఇంటిపేరూ, పొలం సంగతీ అడిగింది. మనవాళ్లే అని తేలింది.

"చూడబ్బాయ్, చిలకలూరిపేట సంబంధం వాళ్లు ఉగాది కాగానే తాంబూలాలకి వస్తామన్నారు. ఈలోగా మీ అమ్మని తీసుకురా. మా పిల్లని చూసి, మా ఇంట్లో భోంచేసి, ఆవిడ సంతోషంగా సరేనంటే అప్పుడు మాట. మొహం చిట్లించిందా, ఈ సంగతి మర్చిపో."

వచ్చే ఆదివారం తీసుకొస్తానని అతను ఆ రాత్రే బస్సెక్కాడు.

ఇక ఇంట్లో కారం దాచే పని మొదలైంది. "గోదావరి ఆడమనిషి. మన ఘాటుకి దగ్గొచ్చి లేచిపోతే పిల్ల బతుకేంగాను?" అంటూ వెంకటరావమ్మ ఆవకాయ జాడీలు మంచం కిందికి తోసింది. మేడ మీది కాయల మీద పట్టా, పట్టా మీద దుప్పట్లు కప్పించింది. కారం డబ్బా తీసుకెళ్లి జైతున్‌బీ చేతిలో పెట్టి, "ఆదివారం మాత్రం పోపు పెట్టకమ్మా," అని బతిమాలింది.

"ఏం వదినా, మీ ఇంటికి చుట్టాలొస్తే మా పొయ్యి ఆర్పుకోవాలా?" అని జైతున్‌బీ బుగ్గలు నొక్కుకుంది.

శ్రీరమ్య సబ్బుతో చేతులు తోముతూనే ఉంది. ఎంత తోమినా గోళ్లలో కారం వాసన పోలేదు. చిలకలూరిపేట అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా మళ్లీ సబ్బు అందుకునేది.

ఆదివారం రానే వచ్చింది. వీరబాబు వాళ్లమ్మ నాంచారమ్మ సన్నగా, నేత చీరలో, కళ్లజోడుతో ఆటో దిగింది. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి గాలి గట్టిగా పీల్చింది. శ్రీరమ్య చేతులు వెనక్కి దాచుకుంది. 'అయ్యో, వాసన తెలిసిపోయింది!'

పీటలు వాల్చారు. తియ్యటి పప్పు, బెల్లం పెట్టిన వంకాయ, కారం చిటికెడైనా తగలని బంగాళాదుంప వేపుడు. నాంచారమ్మ ఒక దుంప నోట్లో పెట్టుకుంది. ఆగింది. ఇంకోటి పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఘాటుగా ఉందా వదినగారూ?" వెంకటరావమ్మ కంగారుగా మంచినీళ్ల గ్లాసు అందించింది. "పిల్ల కారం వెయ్యనే లేదు!"

"అదేనమ్మా అడుగుతున్నాను. కారమేది?" నాంచారమ్మ కంచం పక్కకి జరిపి కొడుకు మీద పడింది. "ఏరా, ఇది మార్టూరేనా? మార్టూరులో ఎవరైనా ఇంత తియ్యగా తింటార్రా? నా చిన్నప్పుడు ఎక్కడా చూళ్లేదే!"

శ్రీరమ్య చేతిలో నెయ్యి గిన్నె అలాగే ఉండిపోయింది. "మీ... చిన్నప్పుడా?"

"మాది ఇంకొల్లమ్మా."

ఇంకొల్లు! పక్క ఊరు! వెంకటరావమ్మ ఉన్నదున్నట్టు నేల మీద చతికిలబడింది.

"అమ్మానాన్నా పోయారు. అన్నలు పొలాలు అమ్ముకుని కర్ణాటక వెళ్లిపోయారు. ఇటు రావడానికి నాకొక గుమ్మం లేకుండా పోయింది," అంది నాంచారమ్మ. "అత్తారింట్లో ఎండుమిరపకాయ వేయిస్తే చాలు, ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్లు. అందుకని వాళ్లకోసం బెల్లం, నాకోసం కారం, రెండూ కలిపి వేయించేదాన్ని. వీడికి ఆ రుచే పట్టుబడింది. ఈ సంబంధం వంకనైనా మా వైపు కారం కడుపారా తిందామని బస్సెక్కితే, ఇదమ్మా మీరు పెట్టేది?"

వెంకటరావమ్మ వీరబాబు వైపు తిరిగింది. "చెప్పొద్దటయ్యా!"

"చెప్పనిచ్చారాండీ? 'అసలు మా అమ్మ' అన్నప్పుడల్లా ఎవరో ఒకరు అడ్డుపడ్డారు!"

వెంకటరావమ్మ గోడ దగ్గరికి పరిగెత్తింది. "జైతున్‌బీ! కారం డబ్బా ఇటియ్యమ్మా!" పలికేవాళ్లు లేరు. తలుపుకి తాళం. పోపు పెట్టొద్దన్నందుకు అలిగి జైతున్‌బీ వేటపాలెంలో కూతురింటికి వెళ్లిపోయింది.

"డబ్బా ఎందుకు?" నాంచారమ్మ కొంగు బొడ్లో దోపుకుంది. "మేడ మీద కాయలున్నాయి. గేటు దగ్గరే నా ముక్కు చెప్పింది."

మెట్లెక్కి, దుప్పట్లు లాగేసి, పట్టా ఎత్తి, దోసెడు కాయలు మొహానికి దగ్గరగా పెట్టుకుంది. గట్టిగా తుమ్మింది. తుమ్మి, చిన్నపిల్లలా నవ్వింది.

కిందికొచ్చి కాయలు వేయించి, వెల్లుల్లీ ఉప్పూ వేసి రోట్లో తనే దంచింది. ఇల్లంతా ఘాటు. "ఉడికిన దుంపలు ఇంకా ఉన్నాయా? నువ్వు చెయ్యమ్మా. మీ పద్ధతిలో, భయపడకుండా. నేనిక్కడ కూర్చుని చూస్తా."

శ్రీరమ్య బాండీ పొయ్యి మీద పెట్టింది. నూనె కాగాక దుంపలు పడి చుయ్యిమన్నాయి. ఎర్రగా వేగనిచ్చింది. కారం చల్లింది. చింతపండు రసం చిలకరించింది. అక్కడ ఆగింది.

"బెల్లం వెయ్యనా, వద్దా అండీ?"

"నన్నడుగుతావేం? నీ మనసుకి ఎలా అనిపిస్తే అలా చెయ్యి."

శ్రీరమ్య తల తిప్పింది. గుమ్మంలో వీరబాబు ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు. ఇద్దరు పెద్దవాళ్లూ చూస్తుండగానే అతని ముందుకి చెయ్యి చాచింది.

"ఏదీ, ఆ పొట్లం ఇలా ఇవ్వండి."

"అమ్మాయ్!" వెంకటరావమ్మ నోరు తెరిచింది.

వీరబాబు జేబులోంచి పొట్లం తీసి ఇచ్చాడు. ఆమె ఒక ముక్క నలిపి బాండీలో వేసి, మిగిలిన బెల్లం పోపుల పెట్టెలో ఎండుమిరపకాయల పక్కన పెట్టి మూత వేసింది.

"ఇకనుంచీ ఇది ఇక్కడే ఉంటుంది. జేబులో పెట్టుకుంటే చీమలు పడతాయి."

నాంచారమ్మ మొదటి ముద్దకే తుమ్మింది. రెండో ముద్దకి కళ్లజోడు తీసి కళ్లొత్తుకుంది. మూడో ముద్ద తినబోతూ, "ఇంకా 'అండీ' ఏంటే? అత్తయ్యా అను," అంది.

వీరబాబు 'ఆయ్' అన్నాడు, తననెవరూ అడక్కపోయినా.

ఆ సందడిలో వెంకటరావమ్మ ఎవరూ చూడట్లేదనుకుని బాండీలోంచి ఒక దుంప తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్లు పెద్దవి చేసి బాండీ వైపు చూసింది. ఇంకోటి తీసుకుంది. ఆ తర్వాత శ్రీరమ్య చెవి దగ్గరికి వంగింది.

"తలుపు వేసి ఇంకాసిని దుంపలు వేయించవే. ఆ కోటేష్‌గాడికి మాత్రం తెలియనివ్వకు."