వియ్యపురాలి పెరటి గచ్చు

“అమ్మా, నాలుగు రోజులు నాకు క్యారేజీ కట్టొద్దు. అత్తయ్యగారింట్లో పెరటికి కొత్తగా కాంక్రీటు గచ్చు వేస్తున్నా. భోజనం కూడా అక్కడే!”

బూట్ల తాళ్ళు బిగించుకుంటూ కొడుకు అన్న మాటకి తల్లి చేతిలో గిన్నె జారి కింద పడింది. అదేదో మామూలు మాట అన్నట్టు, తల ఎత్తి చూడకుండానే అన్నాడు! అంతలో గదిలోంచి కోడలు భుజానికి సంచీ తగిలించుకుని బయటికొచ్చింది. “నేనూ వెళ్తున్నా అత్తయ్యా! పని జరుగుతుంటే అమ్మ ఒక్కతే ఏం చూసుకుంటుంది? గచ్చు అయ్యేదాకా అక్కడే ఉంటాను” అంది నవ్వుతూ.

వీధిలో అందరూ ఆ తల్లిని మేస్త్రమ్మ అంటారు. భర్త తాపీ మేస్త్రీ. ఆయన పోయాక కొడుకు అదే పనిలోకి దిగి, తండ్రిని మించిన పనివాడనిపించుకున్నాడు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళకి గచ్చులు వేశాడో! కానీ సొంత ఇంటి పెరడు...? వంటింటి గుమ్మం దిగితే అడుగడుక్కీ పగుళ్ళు. వాటం పోయి, వాన పడితే నీళ్ళన్నీ గుమ్మం ముందే నిలుస్తాయి. మొన్న వానల్లో ఆమె అక్కడే కాలు జారి, నడుం పట్టుకుని వారం రోజులు మంచం దిగలేదు. అది కనపడలేదు బాబుకి! అత్తగారి పెరడు మాత్రం కనపడింది!

“వెళ్ళు నాయనా, వెళ్ళు... పిలిచేవాళ్ళుంటే వెళ్ళాలి మరి! పిలవడం చేతకానిదాన్ని నేనేగా!” అంది. ఆ మాటలో ముల్లు కొడుక్కి గుచ్చుకోలేదు. “సాయంత్రం ఆలస్యమవుతుంది, నువ్వు తినేసి పడుకో” అని బండి ఎక్కాడు. వెనకాల భార్య కూర్చుంది. మలుపు తిరిగేదాకా చూసి తలుపేసుకుంది మేస్త్రమ్మ. ఇల్లంతా ఒక్కసారిగా పెద్దదైపోయినట్టనిపించింది.

వియ్యపురాలు రెండు వీధుల అవతలే ఉంటుంది. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని, ఒక్కగానొక్క కూతుర్ని పెంచి పెళ్ళి చేసింది. అందరికీ ఆమె టైలరమ్మ. మాట మెత్తన, నడక మెత్తన. ఆ మెత్తదనమే మేస్త్రమ్మకి గిట్టదు. ‘ఆ మెత్తటి మాటలతోనే కదా నా కొడుకుని చుట్టేసుకుంది!’ అని లోలోపల రగిలిపోయేది. పెళ్ళైన కొత్తలో ఒకసారి కొడుకు, “అత్తయ్య కుట్టిన చొక్కా ఎంత హాయిగా ఉందో!” అన్నాడు. అప్పట్నుంచీ ఆ చొక్కా ఉతకాల్సి వస్తే ఆమె చేతులకి ఎక్కడలేని బలం వచ్చేది. పాపం, ఆ చొక్కా కాలర్ ఆరు నెలలకే చిరిగిపోయింది!

రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు ఇక మనసాగలేదు. కొడుక్కి ఇష్టమైనవన్నీ వండి, క్యారేజీ సర్ది, ఎండలో నడుచుకుంటూ వెళ్ళింది. ‘చూద్దాం, ఎంత మర్యాదలు చేస్తోందో!’ అనుకుంది దారిపొడుగునా.

పెరటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

పాత గచ్చంతా పగలగొట్టి తీసేశారు. ఆ స్థానంలో తడి కాంక్రీటు పరుచుకుని ఉంది. కాంక్రీటు కలిపే పనివాళ్ళు సామాను కడుక్కుని వెళ్ళిపోతున్నారు. కొడుకు చెక్క మీద మోకాళ్ళూని, తాపీతో చివరి మూల నున్నగా తీస్తున్నాడు. పసిబిడ్డ ఒళ్ళు తుడిచినంత నెమ్మదిగా... అంత శ్రద్ధ! అతని తల మీద ఎండ పడకుండా గొడుగు పట్టుకుని నిలబడి ఉంది టైలరమ్మ! “చాల్లే నాన్నా, కాసేపు లేచి మంచినీళ్ళు తాగు. మోకాళ్ళు పట్టేస్తాయి” అంటోంది.

నాన్నా!

ఆ పిలుపు ఎవరిది? కని, పాలిచ్చి, జ్వరాలకి జాగారాలు చేసిన తల్లిది కాదూ! తన నోట్లోంచి మాట లాక్కుని వాడుకుంటోందే ఈవిడ!

“అయ్యో వదినగారూ! ఎంతసేపైంది వచ్చి? రండి రండి!” అంటూ టైలరమ్మ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. కొడుకు తలెత్తి, “నువ్వెందుకొచ్చావమ్మా ఇంత ఎండలో?” అన్నాడు. క్యారేజీ చూసి నొచ్చుకున్నాడు. “అరే... ఇప్పుడే తిన్నానే! అత్తయ్య బలవంతంగా రెండుసార్లు వడ్డించింది. రాత్రికి తింటాలే.”

రాత్రికి! చల్లారిపోయాకన్నమాట!

చివరి మూల కూడా పూర్తిచేసి, చేతులు కడుక్కుని లోపలికెళ్ళాడు. టీ పెడతానని వెనకాలే టైలరమ్మ, కప్పులు తీస్తానని కోడలు... లోపల ముగ్గురూ ఏదో చెప్పుకుని ఘొల్లున నవ్వారు. మేస్త్రమ్మ బయట మెట్టు మీదే కూర్చుండిపోయింది, పక్కన మూత తీయని క్యారేజీతో. ఎదురుగా గచ్చు అద్దంలా మెరుస్తోంది. గోడ పక్క నాలుగు పూలమొక్కలు, కొళాయి. కొళాయికి తగిలించిన రబ్బరు పైపు.

ఎలా లేచిందో ఆమెకే తెలియదు! పైపు కొస గచ్చు మీద వేసి, కొళాయి తిప్పేసింది!

మేస్త్రీ భార్య ఆవిడ. తడి ఆరని గచ్చు మీద నీళ్ళు పడితే ఏమవుతుందో ఒకరు చెప్పాలా? నున్నటి ఒంటి మీద గీత పడ్డట్టు నీటి ధార చాలు కట్టుకుంటూ సాగింది. పైన ఉన్న సిమెంటు పాలు కొట్టుకుపోయి, కంకర పళ్ళు బయటపెట్టింది. ఒక్క క్షణం... ఒకే ఒక్క క్షణం ప్రాణం హాయిగా అనిపించింది. మరుక్షణం ఒళ్ళంతా చల్లబడిపోయింది. ‘ఎంత పని చేశాను! వీడి మూడు రోజుల కష్టం కదా ఇది...’ గబగబా కొళాయి కట్టి, పైపు అవతలికి లాగేసింది.

అప్పటికే ఆలస్యమైపోయింది. కప్పు చేత్తో పట్టుకుని బయటికొచ్చిన కొడుకు కొయ్యబారిపోయాడు.

“ఎవరు తిప్పారు కొళాయి? ఎవరు?!”

మేస్త్రమ్మ పెదవి కదపబోయింది... ఈలోగా వంటింటి కిటికీ పక్కనుంచి టైలరమ్మ వచ్చి నిలబడింది.

“నేనే బాబూ... మొక్కలకి కాస్త నీళ్ళు పెడదామని తిప్పి, లోపలికొచ్చి మరిచిపోయాను.”

“మరిచిపోయారా? బుద్ధుండే చేశారా ఈ పని? పొద్దుట్నుంచి మోకాళ్ళు అరిగిపోయేలా చేస్తే మీకు మొక్కలా కావాల్సొచ్చింది! చేసేవాడు ఊరికే దొరికాడనేగా!” ఏ అల్లుడూ అత్తగారిని అనకూడని మాటలు! కూతురు కూడా, “ఏంటమ్మా నువ్వు! నీకెప్పుడూ ఇంతే!” అని విసుక్కుంది. టైలరమ్మ తల దించుకుని అన్నీ పడింది. కొడుకు తాపీని బకెట్లోకి విసిరికొట్టి వీధివైపు వెళ్ళిపోయాడు. భార్య అతని వెనకాలే పరిగెత్తింది.

ఇదేగా మేస్త్రమ్మ కోరుకున్నది! కొడుకు ఆవిడ మీద అరవాలనే కదా! అరిచాడుగా మరి! కానీ ఆ అరుపులో ఒక్కో మాటా వచ్చి తన చెంప మీద పడ్డట్టయింది...

టైలరమ్మ మిషను ముందు కూర్చుని, కుట్టకుండా చక్రం మీద చెయ్యి పెట్టి ఉంది. మేస్త్రమ్మ గుమ్మంలో నిలబడింది.

“ఎందుకలా మీద వేసుకున్నారు వదినగారూ? మీకు తెలుసు... అది చేసింది...”

“మీరేనని తెలుసు. కిటికీలోంచి చూశాను.”

“చూసి... చూసి కూడా ఆపలేదా?”

“ఆపలేదు.” టైలరమ్మ కళ్ళు నిండిపోయాయి. “ఆపబోయాను... కానీ లోపల ఎక్కడో సంతోషం వేసింది వదినగారూ! పాడు సంతోషం! హమ్మయ్య, ఈవిడ కూడా నాలాగే కుళ్ళిపోతోంది, నేనొక్కదాన్నే కాదు అనిపించింది!”

ఇంత మెత్తటి మనిషి నోట ఆ మాటా!

“నా పాత గచ్చుకి ఏమైందనుకున్నారు? ఏమీ కాలేదు! గట్టిగానే ఉంది. నేనే, కుంగుతోంది, పగిలింది అని లేనిపోనివి చెప్పి పగలగొట్టించాను. ఎందుకో తెలుసా? గచ్చు పేరు చెప్పి నాలుగు రోజులు నా కూతురు నా ఇంట్లో పడుకుంటుందని! పెళ్ళయ్యాక ఒక్క రాత్రి ఉండలేదు వదినగారూ! వచ్చినా మీ మాటే. అత్తయ్య ఇలా వండుతుంది, అత్తయ్య అలా నవ్విస్తుంది... మొన్న జ్వరమొస్తే, ‘రాత్రంతా అత్తయ్య నా కాళ్ళ దగ్గరే కూర్చుందమ్మా’ అని మురిసిపోతూ చెప్పింది. నేనేమైపోయాను? కబురు చేస్తే నేను రానా? ఆ రాత్రంతా ఈ మిషను తొక్కుతూనే ఉన్నాను, దారం లేకుండా!”

ఒకరు కొడుకు కోసం, ఒకరు కూతురి కోసం... ఇన్నాళ్ళూ ఎదురెదురు గుమ్మాల్లో నిలబడి ఒకే ఏడుపు ఏడ్చారన్నమాట! మేస్త్రమ్మ వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని తిన్నగా వీధిలోకి నడిచింది.

కొడుకు సిమెంటు బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే కోడలు.

“కొళాయి తిప్పింది నేను” అంది మేస్త్రమ్మ. “మీ అత్తయ్య కాదు. నేనే. కావాలనే తిప్పాను.”

కొడుకు ముఖంలో రంగు మారిపోయింది. “నువ్వా? నువ్వెందుకమ్మా...?”

“మన పెరడు నీకు కనపడలేదు కదరా! నేను పడి మంచాన ఉన్నా కనపడలేదు! ఇక్కడ మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని... గొడుగు పట్టించుకుని...”

“కనపడకపోవడమేంటమ్మా! నువ్వు పడ్డ రోజే గునపం తీశానుగా! ‘మీ నాన్న చేతి గచ్చురా, నేను బతికున్నంతకాలం దాని మీద దెబ్బ పడకూడదు’ అని మంచం మీంచే నన్ను ఆపేశావు. అంతకు ముందు ఎన్నిసార్లు అడిగాను? ప్రతిసారీ ఏడ్చావు. ఇక అడిగి నిన్ను ఏడిపించడం ఎందుకని మానేశాను!”

“అన్నాను... వద్దనే అన్నాను. అయినా నువ్వు మళ్ళీ అడుగుతావనుకున్నానురా...”

కొడుకు తల్లి చేతులు పట్టుకున్నాడు. ఉన్నట్టుండి గుర్తొచ్చి తల కొట్టుకున్నాడు. “అయ్యో, అత్తయ్యని ఎన్ని మాటలన్నాను!” అంటూ లోపలికి పరిగెత్తాడు. “క్షమించండత్తయ్యా, నోరు జారాను... నన్ను నాలుగు తిట్టండి!” అన్నాడు. టైలరమ్మ నవ్వింది. “పోనీలే నాన్నా. కోపమొచ్చి తిట్టావంటే నన్ను పరాయిదాన్ని అనుకోనట్టేగా!” అంది.

ఆ నాన్నా మళ్ళీ గుచ్చుకుంది మేస్త్రమ్మకి! అయినా ఈసారి నోరు మూసుకుని, వెళ్ళి పార అందుకుంది.

పాడైన మేరకి కాంక్రీటు గట్టిపడేలోగా తీసి కొత్తది వేయాలి. పనివాళ్ళు వెళ్ళిపోయారు. కొడుకు తీస్తుంటే కోడలు ఇసుక మోసింది, టైలరమ్మ నీళ్ళు పోసింది, మేస్త్రమ్మ కలిపింది. “చాలు వదినగారూ, చాలు! జారైపోతుంది!” అని టైలరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది కూడా. చీకటి పడేలోగా పని ముగిసింది. ఆకలేసి నలుగురూ మెట్ల మీదే కూర్చుని ఆ చల్లారిన క్యారేజీ ఖాళీ చేశారు.

“గచ్చు గట్టిపడ్డాక పగుళ్ళు రాకూడదంటే, రేపట్నుంచి వారం రోజులు ఆరకుండా తడపాలి. ఈవిడకి చేతకాదు. నేనుంటాను” అంది మేస్త్రమ్మ. గచ్చు పనైపోయిందని కోడలు మొగుడితో ఇంటికెళ్ళింది.

ఆ వారం వియ్యపురాళ్ళిద్దరే ఆ ఇంట్లో. గచ్చు మీద కప్పిన తడి గోనెసంచులు గాలికి లేచిపోతున్నాయని, టైలరమ్మ వాటన్నిటినీ అంచులు కలిపి మిషను మీద దుప్పటిలా కుట్టేసింది. పెళ్ళికూతురి బట్టలు కుట్టే మిషను మీద గోనెసంచులు! మేస్త్రమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. వంటింట్లో పోపు దగ్గర రెండుసార్లు పోట్లాడుకున్నారు. ఒకసారి అలిగారు. పడుకునే ముందు మాట్లాడుకున్నారు.

ఆఖరి రోజు సాయంత్రం తల్లిని తీసుకెళ్ళడానికి కొడుకూ కోడలూ వచ్చారు. బండి ఆగకముందే కోడలు దూకి, “అత్తయ్యా! నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు!” అంటూ వీధి గుమ్మంలో ఉన్న మేస్త్రమ్మ వైపు పరిగెత్తుకొచ్చింది.

మేస్త్రమ్మ వెనక్కి తిరిగి చూసింది. పెరటి గుమ్మంలో టైలరమ్మ తడి చేతులతో నిలబడి ఉంది. పెదాల మీద నవ్వు అలాగే ఉంది, కళ్ళల్లోంచి మాత్రం ఏదో జారిపోయింది. ఆ చూపు మేస్త్రమ్మకి తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు.

“నా బట్టలు సర్దుకోవాలి, నన్ను పట్టుకోకు!” అని కసిరింది కోడల్ని. “అటు వెళ్ళు. మీ అమ్మ పొద్దుట్నుంచీ గుమ్మం వైపే చూస్తోంది. ముందు ఆవిడ దగ్గరికెళ్ళు. ఈ రాత్రి ఇక్కడే పడుకో, నేను చెప్తున్నాను!”

గదిలోకెళ్ళి, ఎప్పుడో సర్దేసిన సంచీని విప్పి మళ్ళీ సర్దింది. పెరట్లోంచి తల్లీకూతుళ్ళ నవ్వు వినపడింది. ఆ నవ్వు వింటుంటే గుండెలో ఎక్కడో చిన్నగా కలుక్కుమంది. కళ్ళు చెమర్చాయి... తుడుచుకోలేదు. కలుక్కుమంటే అననీ అనుకుంది, సంచీ భుజాన వేసుకుని కొడుకు బండి దగ్గరికి నడిచింది.