పదకొండున్నరకి తెగే కనెక్షన్లు

మూడో అంతస్తు చివరి గదికి చెడ్డపేరు ఊరికే రాలేదు. రాత్రి పదకొండు దాటితే అటు ఎవరూ వెళ్ళరు. వాచ్‌మన్ కూడా మెట్ల దగ్గరే నిలబడి, టార్చి ఒకసారి అటు వేసి, డ్యూటీ అయిపోయిందనుకుని దిగిపోతాడు.

ఆ ఆఫీసు వాళ్ళది ఇంటర్నెట్లో కోర్సులు చెప్పే వ్యాపారం. ఆ గదిలో పదకొండేళ్ళు పాఠాలు రికార్డు చేసిన మేడం కిందటేడు ఆ కుర్చీలోనే... మైకు ముందే... తల వాల్చేసింది. ఆవిడ శాలువా ఇంకా కుర్చీకే వేలాడుతోంది. దాన్ని తీసే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ కంప్యూటర్ ఆపే ధైర్యమూ లేదు.

ఈ ఏడు కొత్త ముచ్చట ఒకటి మొదలైంది. విద్యార్థులు తమ ఏఐ అసిస్టెంట్‌ని ఆ వెబ్‌సైట్‌కి కలుపుకోవచ్చు. అడిగితే అదే పాఠం తెరిచి వినిపిస్తుంది, సందేహం తీరుస్తుంది. బాగానే ఉంది. కానీ రోజూ రాత్రి సరిగ్గా పదకొండున్నరకి — ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు — అసిస్టెంట్ల కనెక్షన్లన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. ఎవరు తెంచారని లాగ్‌లో, అంటే కంప్యూటర్ రాసుకునే చిట్టాలో, చూస్తే ఒకటే పేరు.

చచ్చిపోయిన మేడం పేరు.

"బతికున్నప్పుడే ఆవిడకి అసిస్టెంట్ల మాటెత్తితే పడేది కాదు," అని మేనేజరు గొంతు తగ్గించి చెప్పేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు బిక్కమొహాలు వేసుకుని తలలూపేవారు. అంతా పెద్ద చదువులు చదివినవాళ్ళే. లాగ్‌లో రెండో వరస చదవడానికి బద్ధకం, దెయ్యాన్ని నమ్మడానికి మాత్రం మహా ఉత్సాహం.

ఈ జబ్బు కుదర్చాల్సిన మనిషిని ఆఫీసులో రీస్టార్ట్ బాబాయ్ అంటారు. ఏ సమస్యకైనా అతని దగ్గరున్న మందు ఒక్కటే — ఆపి మళ్ళీ పెట్టడం. అప్పటికీ కుదరకపోతే తప్పు విద్యార్థిది, లేదా వాళ్ళింటి ఇంటర్నెట్‌ది, లేదా వానది. ఏడేళ్ళ సర్వీసులో "పొరపాటు నాదే" అన్న మాట అతని నోట విన్నవాళ్ళు లేరు. ఈసారి తప్పు మోయడానికి ఏకంగా దెయ్యమే దొరికింది. మూడు వారాలు హాయిగా గడిపేశాడు.

అక్క ఫోన్ చేసేదాకా.

అక్కకి చూపు మందగించి రెండేళ్ళయింది. మందుల షాపులో ఉద్యోగం కోసం నలభై ఆరేళ్ళ వయసులో ఆ మేడం చెప్పిన కోర్సే చదువుతోంది. చదవడమంటే వినడమే, అసిస్టెంట్ పాఠం పెడితే. పగలంతా పని, రాత్రి పదకొండుకి గానీ తీరిక దొరకదు.

"ఒరేయ్, అరగంటకే నోరు మూసుకుంటోందిరా అది. మళ్ళీ కలపాలంటే తెర మీద ఏదో అనుమతి నొక్కాలట. ఆ చీమతలకాయంత అక్షరాలు నాకెక్కడ కనిపిస్తాయి? పొద్దున పక్కింటామె చేత నొక్కిస్తే రాత్రికి మళ్ళీ తెగుతోంది. ఆదివారం పరీక్ష. ఇది పోతే మళ్ళీ ఏడాదే."

"అది మా చేతుల్లో లేదక్కా. ఆ గదిలో..."

"గదిలో ఏముందిరా?"

"మీ మేడమే."

అక్క కొట్టిపారేసింది.

"నా కళ్ళ సంగతి రాస్తే, నాలుగు పాఠాలు నాకోసం నెమ్మదిగా మళ్ళీ చెప్పిన మనిషిరా ఆవిడ. నా చదువు ఆపుతుందా? వెళ్ళి చూడు. భయమైతే చెప్పు, నేనొస్తా తోడు."

చూపు ఆనని అక్క తోడొస్తాననేసరికి సిగ్గేసింది. ఆ రాత్రే వెళ్ళాడు.

మెట్ల దగ్గర వాచ్‌మన్ గుసగుసగా అన్నాడు. "సార్... లోపల ఆవిడ గొంతు వినిపిస్తుంది. నేను విన్నాను."

"చాల్లే," అన్నాడు బాబాయ్. అని, టార్చి అడిగి తీసుకున్నాడు.

గది నిండా దుమ్ము... శాలువా... నల్లటి తెర. వెనక తలుపు కిర్రుమంటూ తనంతట తనే మూసుకుంది. ఆ తలుపు పగలు కూడా అంతేనన్న సంగతి అతనికి గుర్తు రాలేదు. టైము పదకొండు ఇరవై తొమ్మిది... ముప్ఫై...

ఠక్కున తెర వెలిగింది!

కీబోర్డు మీద ఏ చెయ్యీ లేదు. అయినా తెర మీద వరసలు పరిగెడుతున్నాయి — కనెక్షన్ తెగింది... తెగింది... తెగింది... పైన మేడం పేరు. ఆ వెనకే, స్పీకర్లోంచి, అలసిపోయిన ఆడగొంతు —

"తొందరేం లేదు... మళ్ళీ చెబుతాను... వినండి..."

బాబాయ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. పారిపోదామంటే కాళ్ళు కదల్లేదు. అందుకని, ధైర్యం వల్ల కాదు, ఆ వరసలు చివరిదాకా చదవాల్సి వచ్చింది. అతను ఒక లాగ్‌ని పూర్తిగా చదవడం జీవితంలో అదే మొదలు.

అట్టడుగున చిన్న నోట్ ఉంది. "రోజూ రాత్రి 11:30కి అన్నీ ఆపి మళ్ళీ పెట్టాలి. ఇది తాత్కాలికం. రేపు సరిచేయాలి." తేదీ నాలుగేళ్ళ కిందటిది. రాసిన మనిషి పేరు...

తనదే.

అప్పుడు గుర్తొచ్చింది. వెబ్‌సైట్ రోజూ మొరాయిస్తుంటే, కారణం వెతకడానికి ఒళ్ళు వంగక, మేడం భోజనానికి లేచిన పావుగంటలో ఆవిడ కుర్చీలో కూర్చుని, ఆవిడ లాగిన్‌తోనే పెట్టేసిన ఏర్పాటు అది. తన పేరు మీద అనుమతి కావాలంటే ఫారం నింపాలి మరి! అప్పట్లో ఎవరికీ ఇబ్బంది కాలేదు. మనుషులు పొద్దున లేచి మళ్ళీ లాగిన్ అయ్యేవారు. అసిస్టెంట్ అలా కాదు, దాని మనిషి మళ్ళీ అనుమతి నొక్కితే గానీ లోపలికి రాలేదు. ఇక ఆ గొంతు — మేడం పేజీ తెరుచుకున్నప్పుడల్లా, ఆవిడ సగంలో ఆపిన ఆఖరి పాఠం ఆగినచోటి నుంచి మోగుతోంది. అంతే.

బాబాయ్ ఆ ఏర్పాటు తీసేశాడు. తర్వాత నిజం చెప్పాడనుకున్నారా? తేలు కుట్టిన దొంగ అరుస్తాడా! రిపోర్టులో "మేడం ఖాతాలో లోపం ఉంది, సరిచేశాను" అని రాసి, ఇంటికెళ్ళి పడుకున్నాడు. పోయినవాళ్ళు లేచొచ్చి ఎదురుచెప్పరు కదా.

మర్నాడు మేనేజరు ఆ రిపోర్టు చదివి అందరినీ పిలిచాడు.

"లోపం ఆవిడ ఖాతాలోనే ఉందట. అయితే మొత్తం తీసేయండి. పాఠాలతో సహా. ఇవాళే."

అంటే అక్క వింటున్న పాఠాలు. ఆమె కోసమని నెమ్మదిగా మళ్ళీ చెప్పిన పాఠాలు. పరీక్షకి ఇంకా మూడు రోజులున్నాయి.

ఇక బాబాయ్ కూర్చోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"వద్దండీ... తప్పు మేడంది కాదు. నాది. నాలుగేళ్ళ కిందట నేనే పెట్టాను. నా బద్ధకం. ఆవిడ పాఠాల జోలికి వెళ్ళకండి."

అతను తెర మీద పాత లాగ్ తెరిచి నోట్ చూపించాడు. తేదీ చూపించాడు. తన పేరు మీద వేలుపెట్టి మరీ చూపించాడు. ఒక్కరూ తెరవైపు చూడలేదు. అందరూ అతని మొహమే చూస్తూ... ఒక్కొక్కరే... కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

మేనేజరు పక్కనున్నామె చెవిలో వణుకుతూ అన్నాడు —

"తప్పు నాదంటున్నాడు... విన్నావా? ఇది అతని మాట కానే కాదు. రాత్రి ఆ గదికి ఒంటరిగా వెళ్ళాడట..."

పాఠాలు తీసేయాలన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆదివారం అక్క పరీక్ష రాసింది. మూడో అంతస్తు చివరి గదికి ఇప్పుడు అందరూ నిర్భయంగా వెళ్ళొస్తున్నారు. ఆవిడ అక్కడ లేదని వాళ్ళకి బాగా తెలుసు.

బాబాయ్ లిఫ్టు ఎక్కితే మాత్రం, ఉన్నవాళ్ళందరూ దిగిపోతారు.