ఒడిల పెట్టిన గొంతు

మా దుకాణం చంద్రపూర్‌ల జట్పురా గేటు దాటినంక, బట్టల దుకాణాల వరుసల ఆఖరిది. మొబైల్ రిపేరు, రీఛార్జి, చార్జర్లు, కవర్లు. మా ఆయన శివకుమార్ లోపల బల్లకాడ కూసోని ఫోన్లు విప్పుతడు. నేను ముందట కౌంటర్ల కూసోని మనుషులతోని మాట్లాడుత. ఆయనకు మాటలు రావు, నాకు ఆగవు. గట్ల నడుస్తుండె మా సంసారం.

నేనిది చెప్తుంటే పక్కన ఒక పిల్ల కూసోని నా గాజులు తిప్పుతున్నది. గీతిక అంటరు. నాలుగైదేండ్లు ఉంటయేమో. పక్కింటోళ్ళ పిల్ల కావచ్చు, ఎప్పుడు చూసినా మా ఇంట్లనే ఉంటది. మా ఆయన దానికి తల దువ్వుతడు, అన్నం తినిపిస్తడు. పోనీ, మాకేమన్నా పిల్లలున్నరా, పెట్టనీ అని నేనూ ఏమనను.

పోయినేడు, రెండువేల ఏడు ఎండకాలం ముచ్చట ఇది. అప్పుడప్పుడే కూలికి పోయేటోళ్ళ చేతిలకు గూడ రంగుల తెర ఫోన్లు వస్తున్నయి. వాటికి ఒక్కటే రోగం. ఆన్ చేస్తే కంపెనీ బొమ్మకాడనే ఆగిపోతయి, ముందుకు పోవు. దానికి మందు గూడ ఒక్కటే, కంప్యూటరుకు తగిలించి సాఫ్టువేరు మళ్ళ ఎక్కియ్యాలె. ఎక్కిస్తే ఫోను బతుకుతది, లోపలున్నదంత పోతది. కొత్తది ఎక్కాలంటే పాతది తుడిచిపెట్టాలె, రెండిటికి జాగ ఉండదు అని మా ఆయన అనేటోడు. అందుకే గోడ మీద మరాఠీల బోర్డు రాపిచ్చినం, డేటా జిమ్మేదారి గిరాకీదే, మాది కాదు అని. ఆ బోర్డు చూపిస్తే ఎంత లొల్లి పెట్టేటోడైన మెత్తబడేది.

ఒకనాడు పొద్దుగాల్ల నర్సక్క అని ఒక ముసలామె వచ్చింది. జివతి దిక్కు గుట్టల మీది ఊరు, మన తెలుగోళ్ళే. చెమటకు రైక తడిసిపోయి ఉన్నది. ఫోనును ఒక పాత చీరముక్కల చుట్టుకొని, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల మీద పట్టుకొచ్చింది. ఆమె బిడ్డ ఎల్లమ్మ, పచ్చకామెర్లయి చంద్రపూర్ దవాఖానల పడిందట. ఇంటికాడ పాలు మరువని కొడుకు. వాడు తల్లి లేక పండుకుంటలేడని, మంచం మీదికెల్లే ఫోనుల మాట రికార్డు చేసి, ఆ ఫోనే ఇంటికి పంపింది. ఆ మాట వింటెనే వాడు కన్ను మూసేటోడు. తర్వాత ఆమె సచ్చిపోయింది. మాట మిగిలింది.

ముసలామె ఇంకోటి చెప్పింది. దినాలనాడు పిట్టకు అన్నం పెడితే కాకి దగ్గరికి రాలేదట. కోరిక తీరనిది ఉన్నదని అందరు చేతులు కట్టుకొని నిలబడ్డరట. ఆఖరికి నర్సక్క దండం పెట్టి, "నీ గొంతు నీ కొడుక్కు దూరం చెయ్యను బిడ్డా" అని మాట ఇచ్చినంకనే కాకి ముట్టిందట. ఇప్పుడు ఫోను నడుస్తలేదు. పిల్లగాడు రెండు దినాలసంది కునుకు తీస్తలేడు.

ఇగో, నేను చేసింది ఇంతే. ఆమె ఫోను ముందుకు చాపింది. చీరముక్కల చుట్టి ఉన్నది గద, నాకు తెల్వకుంటనే కొంగు పట్టిన. అమ్మగారింట్ల ఒడిబియ్యం పోస్తుంటే పట్టినట్టు పట్టిన. ఆడోళ్ళకు ఎవరేమిచ్చినా కొంగు ముందుకొస్తది, అలవాటు. ఫోను నా ఒడిల పడ్డది. ముసలామె నా మొకం దిక్కు చూసి, "ఒడిల పట్టినవు. ఇంక నీదే భారం" అన్నది.

లోపటికి తీస్కపోయి మా ఆయనకు చెప్పిన, దీంట్ల సచ్చిపోయిన మనిషి మాట ఉన్నది, పైలం అని. కండ్లకు భూతద్దం పెట్టుకొని ఉన్నడు, ఊఁ అన్నడు. నేను చెప్పిన. ఇప్పటికీ ఎవరు అడిగినా గదే అంట, నేను చెప్పిన.

మర్నాడు నర్సక్క వచ్చేసరికి ఫోను మంచిగ ఎలుగుతున్నది. కొత్తదాని తీరుగ ఉన్నది. లోపట ఏమీ లేదు. మెమరీ కార్డు లేని ఫోను, ఎక్కడన్నా ఇంకో నకలు ఉన్నదా అని మా ఆయన ఆమెనే అడిగిండు. ఆమెకు ఆ మాటే సమజు కాలేదు. అప్పుడు ఆయన బోర్డు చూపిచ్చిండు. ఆమె బోర్డు దిక్కు చూడలే, నన్నే చూసింది.

"మరి జిమ్మేదారి ఎవరిది?" అన్నది నెమ్మదిగ.

వేరే జాగల దాచుకోనోళ్ళది అన్నడు మా ఆయన. రిపేరు చేసినోనిది అన్నది ఆమె. నేను ఫోను ఇయ్యబోతే ఆమె వెనక్కి జరిగింది. ఒడిల పడ్డది మళ్ళ తిరిగి ఇయ్యరు, నీకు తెల్వదా అని అడిగి, పోయి మెట్టు మీద కూసున్నది. ఎండ మొకం మీద కొడుతున్నా లేవలే. మా ఆయన ఫోను మళ్ళ విప్పి చూసి, గట్లనే బల్ల మీద వదిలిండు.

మధ్యాహ్నం లోడ్‌షెడ్డింగు మొదలైంది. మా ఊర్ల బొగ్గు కాల్చి కరెంటు చేస్తరు, అది ఎటో పోతది, మేం మాత్రం చీకట్ల ఉడుకుతం. మే నెలల ఆ పూట చంద్రపూర్‌ల కుక్క గూడ రోడ్డు మీద ఉండదు. ముసలామెను దాటుకొని ఇంటికి పోవాలంటే నాకు మొకం చెల్లలే. మా ఆయన ఒక ఉపాయం చెప్పిండు. నువ్వు లోపట కునుకు తియ్యి, నేను బయటికెల్లి తాళమేస్త, తాళం చూస్తే ఆమెనే లేచిపోతది, నేను ఇంటికి పోయి అన్నం డబ్బ కట్టుకొని వస్త అని. మంచిగనే ఉన్నదనిపించింది. షటరు గరగర దిగింది. తాళం పడ్డ చప్పుడు వినిపించింది. స్కూటరు పోయింది.

చీకటి. షటరు కింద సన్నగ ఎండ గీత ఒక్కటే. దాంట్ల ముసలామె నీడ నల్లగ ఉన్నది. చల్లగ ఉంటదని గచ్చు మీద పండుకున్న. ఫ్యాను లేదు. టంకం పొగ, వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన ముక్కులకు కొడుతున్నది. మెడ కింద చెమట కారుతున్నది. కొంచెంసేపటికి ఎండ గీతల నీడ లేచింది. చెప్పుల చప్పుడు దూరమైంది. హమ్మయ్య అనుకున్న.

అప్పుడు వాసన మారింది. దవాఖానల నేల తుడిచే మందు వాసన... దాని కింద తలకు పెట్టుకునే కొబ్బరినూనె.

"పండుకో బిడ్డా..."

ఆడమనిషి గొంతు, నీరసంగ. "పండుకో బిడ్డా... నేనీడనే ఉన్న."

నిజం చెప్తున్న, నాకు ముందుగాల సంతోషమే అయింది. పోలే, మాట పోలే. ఎక్కడనో మూలకు ఉండి బయటికి వచ్చింది, ఇంక ముసలామె మొకం చూడొచ్చు అనుకొని లేచిన. తడుముకుంట బల్ల కాడికి పోయిన. ఫోను దొరికింది. చేతికి తేలికగ తగిలింది. వెనక మూత లేదు. బ్యాటరీ పక్కన గిన్నెల ఉన్నది.

"నేనీడనే ఉన్న..."

ఫోను నా చెవికాడ పెట్టుకున్న. అందులకెల్లి వస్తలేదు. నా వెనక గోడకెల్లి గూడ కాదు. ఎటు తిరిగితే అటు, నాకంటె కొంచెం దగ్గరగ వస్తున్నది.

షటరు మీద పడి కొట్టిన. రేకు కాలుతున్నది, అరచేతులు చుర్రుమన్నయి. ఎవరన్నా ఉన్నరా అని ఒర్రిన. బయట ఎండ గాలి తప్ప ఏం లేదు. అటు బట్టల దుకాణపోళ్ళు షటర్లేసుకొని పండుకున్నరు. మళ్ళ కొట్టిన. లోపట ఆ వాసన చిక్కగయింది. ఇంటికాడ ఎవరికో అన్నం తినిపియ్యాలె, వాళ్ళు నా కోసం చూస్తుంటరు అని ఒక్కసారి తట్టింది. ఎవరికి... ఎవరికో యాదికి రాలే. ఎంత గుంజుకున్నా రాలే.

"పండుకో..."

చెవి పక్కనే.

నా ఫోను కౌంటరు మీద ఉన్నది. మా ఆయనకు కలిపిన. ఎత్తిండు.

జల్ది రా, తాళం తియ్యి, లోపట ఎవరో ఉన్నరు అన్న. ఫోనుల ఆయన వెనక ఒక పిల్ల అమ్మనా, అమ్మనా అని అడుగుతున్నది. ఎవరి పిల్లనో అనుకున్న.

"ఎవరమ్మా మీరు?" అన్నడు మా ఆయన. "మాధురి ఫోను మీ తాన ఎట్లున్నది? ఒకసారి మాధురికి ఇయ్యుండ్రి."

నేనే మాధురిని అన్న. అప్పుడు విన్న... నా నోట్లకెల్లి వచ్చిన మాట. నీరసంగ, సాగదీసుకుంట, గుట్టల దిక్కు యాసతోని. నా చెవులు నేను మూసుకున్న. మూసుకున్నా లోపట్నుంచి వినిపిస్తనే ఉన్నది.

తర్వాత షటరు లేసింది. ఎండ కండ్లల్ల పొడిచింది. మా ఆయన చెప్తడు, నేను గచ్చు మీద కాళ్ళు చాపుకొని కూసున్ననట. కొంగుల బ్యాటరీ లేని ఫోను పెట్టుకొని ఊపుతున్ననట.

మూడు దినాలు జ్వరమొచ్చింది. లేచినంక గూడ గొంతు గదే. డాక్టరు నాలుక చూసి గోలీలు రాసిండు. వారానికి నర్సక్క మనుమణ్ణి సంకల వేసుకొని వచ్చింది. హనుమంతు వాని పేరు. ఆమె చెప్పకముందే నాకు తెలుసు. వాని ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉంటదని గూడ తెలుసు, తిప్పి చూస్తే ఉన్నది. పండుకో బిడ్డా అన్న. వాడు నా భుజం మీద తల పెట్టి అప్పుడే పండుకున్నడు. నర్సక్క గోడ మీది బోర్డు దిక్కు చూడలే. నా కొంగుల పిడికెడు పసుపు బియ్యం పోసి, బిడ్డ పదిలంగ ఉన్నది అని బస్సుకు పోయింది. ఇప్పటికీ సంతనాడు వాణ్ణి తెస్తది. వాడు వచ్చేదాక నాకు పానం నిలువది, పోయినంక అన్నం సయించది.

అదీ సంగతి. తప్పు ఎవరిదో మీరే చెప్పుండ్రి.

మా ఆయన ఇప్పుడు సాఫ్టువేరు పని చేస్తలేడు. బోర్డు పీకేసిండు. పొద్దంత పాత ఫోన్లన్ని ముందటేసుకొని, దేంట్లనన్నా నా పాత గొంతు ఉన్నదా అని వెతుకుతడు. ఎప్పుడూ రికార్డు చెయ్యలే, ఎదురుంగనే ఉంటి గద. మొన్న ఒక ఫోటో తెచ్చి నా చేతుల పెట్టిండు. దవాఖాన మంచం, ఒడిల ఎర్రగ పసిపిల్ల. మంచం మీద ఉన్నది నేనే. చీర గూడ నాదే. పిల్ల ఎవరిది అని అడిగిన. ఆయన ఫోటో గుంజుకొని బయటికి పోయిండు.

ఈ గీతిక మాత్రం పోదు. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడల్ల వచ్చి నా పక్కన పండుకుంటది. పాపమనిపించి ఇప్పుడే తల నిమిరి, పండుకో బిడ్డా, నేనీడనే ఉన్న అన్న.

అది రెండు చెవులు మూసుకున్నది.

"ఈ గొంతు వద్దు," అన్నది. "మా అమ్మ గొంతుతోని చెప్పు."

మీ అమ్మ ఎవరో నాకెట్ల తెలుస్తది బిడ్డా అని అడుగుతున్న. చెప్తలేదు. నా గాజులు పట్టుకొని ఏడుస్తున్నది.