రెండో సాక్షి

“ఇది వీలునామానా, కరెంటు బిల్లా?” అంటూ నేను రాసిన డ్రాఫ్టును నా ముందే టీపాయ్ మీద పడేసింది ఆమె. మా తొలి పరిచయం అదే.

నేను కొత్త లాయర్ని. ఆమె చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. వీలునామా రాయిస్తున్న అమ్మమ్మకి ముద్దుల మనవరాలు.

“ఇల్లు ఎవరికి, డబ్బు ఎవరికి అన్నదే కోర్టుకి కావాలండీ,” అన్నాను.

“మా అమ్మమ్మకి అంతకంటే ముందు దేవుడు కావాలి. ఆవిడ విశ్వాసం ఆస్తి కాదా?”

బుద్ధిగా మళ్ళీ రాశాను. ‘నా ఆత్మను నా ప్రభువు చేతికి అప్పగిస్తున్నాను’ అని మొదలుపెట్టాను. డబ్బులో పదో వంతు చర్చి చూసుకునే అనాథ పిల్లల చదువుకి. ఇల్లు మనవరాలికి. మిగిలిందంతా, అలిగి వెళ్ళిపోయి ఫోనైనా చేయని చిన్న కొడుక్కి.

దాంతో మనవరాలు భగ్గుమంది. “మామయ్యకెందుకు? నువ్వు ఆసుపత్రిలో ఉంటే చూడ్డానికైనా వచ్చాడా?”

“క్షమించానని రోజూ ప్రార్థనలో చెప్తున్నానే. తీరా కాగితం దగ్గరికొచ్చేసరికి మాట మారిస్తే దేవుడు నవ్వడూ?” అంది అమ్మమ్మ.

ఆ పిల్ల అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేసింది. అంతే, ఆ రోజుతో నా పని అయిపోయింది. పీకల్దాకా ప్రేమలో పడ్డాను.

అప్పట్నించి డ్రాఫ్టులో ఏదో ఒక తప్పు నేనే వెతికి, సరిచేసే వంకతో వెళ్ళేవాణ్ణి. తప్పులు మాత్రం ఎన్నని పుట్టించను? సంతకాల రోజు రానే వచ్చింది. ఇవాళ్టితో ఆ గడప తొక్కడానికి నాకు సాకు లేదు. మనసులో మాట చెప్పాలంటే నాలుక మడతపడుతోంది.

అమ్మమ్మ సంతకం పెట్టింది. పాస్టరు గారు మొదటి సాక్షి.

“రెండో సాక్షివి నువ్వే బాబూ,” అంది అమ్మమ్మ. పెన్ను తీశాను.

“ఆగండి! మీరు పెట్టొద్దు.” మనవరాలు కాగితం లాగేసుకుంది.

నా పెన్ను గాల్లోనే ఆగిపోయింది. “నామీద నమ్మకం లేదాండీ?”

“ఆస్తి తీసుకునేవాళ్ళ భర్త సాక్షి సంతకం పెడితే, వాళ్ళకి రాసింది చెల్లదటగా? నెట్‌లో చూశాను,” అంది తల దించుకుని.

“నిజమే. కానీ మీకింకా పెళ్ళి కాలేదు కదండీ!”

పాస్టరు గారికి టీ పొలమారింది. అమ్మమ్మ తల కొట్టుకుంది. “ఓరి నా తండ్రీ! లా ఎలా పాసయ్యావురా?”

అప్పుడు వెలిగింది నాకు. “అంటే... చట్టం ప్రకారం... సంతకం పెట్టే రోజుకే భర్తయి ఉంటేనే ఇబ్బంది. తర్వాత అయితే ఫర్వాలేదు,” అని గొణిగాను.

“అయితే పెట్టేసి వెళ్ళండి!” ఆమె మొహం కందిపోయింది.

పెన్నుకి మూత పెట్టేశాను. “పెట్టను. మీరంటే నాకు ప్రాణం. ఎందుకొచ్చిన రిస్కు?”

ఆమె ఫక్కున నవ్వింది. అమ్మమ్మ పక్కింటి నర్సుకి ఫోన్ చేసి, సాక్షి సంతకానికి రమ్మంది. “ఆవిడొచ్చేలోగా ప్రార్థన చేసుకుందాం,” అంది.

అందరం తలలు వంచాం. నేను మెల్లగా ఒక కన్ను తెరిచాను. ఎదురుగా ఆమె కన్ను కూడా తెరిచే ఉంది.

“ప్రభువా, ఈ పిల్లలిద్దర్నీ దీవించు,” అంది అమ్మమ్మ, కళ్ళు మూసుకునే. “ముందు కాస్త కళ్ళు మూయించు.”