మేడగదిలో ఏడ్చే కిటికీ

మేడ మీది ఆ గదిలోకి చీకటి పడ్డాక ఎవరూ అడుగు పెట్టేవారు కాదు. వాన పడిందంటే చాలు, కిటికీ ఏడుస్తుంది! మాటవరసకి అనడం కాదు... మూలుగు వినిపిస్తుంది, తెల్లారేసరికి గోడంతా నీటి చారలు. నేను చూడలేదు బాబూ, విన్నదే చెబుతున్నా.

పాత చెక్క కిటికీలు పీకేసి కొత్త ప్లాస్టిక్ ఫ్రేములు పెట్టిన దగ్గర్నుంచే ఈ గోల. వాటిని తయారుచేసిన షాపు ఓనరు తల పట్టుకున్నాడు. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ లోపలి సందులన్నీ సీలెంటుతో పూడ్చాడు. మళ్లీ వాన, మళ్లీ ఏడుపు.

"మా అత్తగారు ఆ గదిలోనే పోయారు," అంది ఇంటావిడ గుసగుసగా. "బతికున్నన్నాళ్లూ ఆవిడకి కొత్త వస్తువంటే గిట్టేది కాదు."

"దెయ్యమూ లేదు, దాని మొహమూ లేదమ్మా! అంతా మావాడి చేతకానితనం," అన్నాడు ఓనరు.

మావాడంటే బావమరిది. తయారీ ఓనరుది, ఇళ్లకెళ్లి బిగించడం వాడిది. ఆ సాయంత్రం మబ్బు పట్టగానే నిచ్చెనతో సహా వాణ్ణి లాక్కొచ్చాడు.

"ఈ రాత్రి లీకు ఎక్కడో తేలాలి. తప్పు నీదైందో, రేపట్నుంచి షాపు గడప తొక్కకు. మీ అక్కకి నేను చెప్పుకుంటా."

వాడు ఏదో అనబోయి మింగేశాడు. పదేళ్లుగా వాడికి తెలిసిన పని అదొక్కటే.

వాన మొదలైంది. కరెంటు పోయింది. గాలి లేచింది... అప్పుడు —

ఊఁ... ఊఁఊఁ...

ఓనరు చటుక్కున టార్చి వేశాడు. ఫ్రేము కింది అంచు మీంచి నీళ్లు పొంగి గోడ మీదికి జారుతున్నాయి... ఆగి ఆగి, వెక్కిళ్లు పెట్టినట్టు.

"బావా... వెళ్లిపోదాం."

"నోర్ముయ్!" అన్నాడే గాని ఆయనా రెండడుగులు వెనక్కి వేశాడు. కానీ భయం కన్నా ఒళ్లుమంట ఎక్కువైంది. ఎన్నాళ్లీ తద్దినం? విసురుగా బయటికెళ్లి, ఆ వానలోనే గోడకి నిచ్చెన వేసి ఎక్కాడు. బావమరిది కింద పట్టుకున్నాడు.

ఫ్రేము కింది అంచు తడిమాడు. నున్నగా ఉంది. పై అంచుకి చెయ్యి పోనిచ్చాడు — వేలికి సన్నటి కన్నం తగిలింది. పక్కనే ఇంకోటి. రెండూ మూశాడు... మూలుగు ఆగింది. తీశాడు...

ఊఁ...

ఫ్రేములో చేరిన వాననీరు బయటికి పోవడానికి షాపులో తనే వేసే కన్నాలవి. కింద ఉండాలి. పైన ఉన్నాయి! తెరవడానికి వీల్లేని ఒంటి అద్దం కిటికీ, గడియైనా లేదు. ఏది పైనో ఏది కిందో ఆ కన్నాలే చెప్పాలి. దాన్ని తలకిందులుగా బిగించేశారు. ఇక నీళ్లు ఇంట్లోకి రాక ఎక్కడికి పోతాయి?

"ఒరేయ్..." అని అరవబోయి ఆగిపోయాడు.

ఇంట్లో పదకొండు కిటికీలు. పది వాడు బిగించాడు, ఒక్క బొట్టు కారలేదు. ఈ ఒక్కటీ... "నీకు రాదు, ఇటివ్వు, చూసి నేర్చుకో" అని వాడి చేతిలోంచి లాక్కుని తనే బిగించాడు.

"బావా... ఏముంది పైన? దెయ్యమా?"

వాన మొహం మీద కొడుతోంది. ఓనరు మోచేత్తో తుడుచుకున్నాడు.

"కాదురా... ఆ రోజు నీకు నేర్పించానే, అదే." గొంతు సగం గాలికే పోయింది. "పొద్దున్నే నువ్వెక్కి సరిగ్గా బిగించు. నిచ్చెన నేను పట్టుకుంటా."