మూడో చాలు

పొద్దున్న తొమ్మిదింటికి దాలినాయుడి చేతిలో ఉన్నవి నలభై పేర్లు, ఒక ప్రశ్న, ఎనిమిది గంటల వ్యవధి. పదకొండున్నరకి ఇరవయ్యారు పేర్లు ఖర్చయ్యాయి. ప్రశ్న మాత్రం అరగలేదు.

"ఆఖరి గది ముగింపు మీకు చాలిందా?"

"చాలిందండీ, చాలు," అంది ఇరవయ్యేడో మనిషి. కాకినాడ జలవాడలో బట్టలు కుట్టే ఆవిడ. నుదుటిపట్టీ అంకెలు పంపింది. ఆట నడుమ భయం తొంభై గుబుళ్ళు, తలుపు తెరుచుకున్నాక ఆరు. ఊపిరి సమం, నాడి సమం. మాటా ఒళ్ళూ ఒకటే చెబుతున్నాయి. దాలినాయుడు 'నిండు' మీట నొక్కాడు. తెరమీద ఆమె బొమ్మ ఆరిపోయింది.

'గోడవతల' ఆట మొదలై ఇరవయ్యొక్కేళ్ళు. ఏడు భాగాలు. ప్రతి భాగంలోనూ ఒక చీకటి ఇల్లు, ఆ ఇంట్లో తిరిగే ఒకటి. మాట వినిపిస్తే అది వస్తుంది. అందుకని ఎవరూ నోరు విప్పరు. చిక్కుముళ్ళు ఒక్కరివల్ల విడవవు. గోడకి ఇవతల ఒకరు, అవతల ఒకరు కూర్చుని, తట్టిన చప్పుళ్ళతో ఒకరికొకరు దారి చెప్పుకోవాలి. అవతల ఉన్నదెవరో ఎప్పటికీ చెప్పరు. జతగోప్యం మొదటి నిబంధన.

ఏడో భాగమే ఆఖరిది. అందులోని ఆఖరి గదిలో గోడ కూలుతుంది. అల్లకం యంత్రం ఒక్కొక్కరి మనసుకి తగ్గట్టు ఒక్కొక్క ముఖం అల్లి చూపిస్తుంది. ఏ ఇద్దరికీ ఒకే ముఖం రాదు. అందుకే చూసిన ముఖం గురించి ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేరు.

ఏ ఆటకైనా మూత పడాలంటే నలభైమంది సాక్ష్యం కావాలి. నాలుగు దాకా 'వెలితి' వస్తే ముగింపుల మండలి తరుగు కింద కొట్టేస్తుంది. ఐదు వస్తే మూత పడదు, ముగింపు మళ్ళీ అల్లాలి. ఈరోజు సాయంత్రం ఐదింటికి గోడవతలకి మూత. మూత పడ్డాక గోడలన్నీ పూడ్చేస్తారు. అవతలివాళ్ళు అవతలే ఉండిపోతారు.

దాలినాయుడు ఆటగాడు కాడు. విజయనగరంలో పాతికేళ్ళు మెస్సు నడిపినవాడు. రోజూ ఎంత బియ్యం పొయ్యాలో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయేది. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి మొదటిసారి "చాలు" అన్నవాడికి ఇంకో గరిటె వేసేవాడు. రెండోసారి అన్నవాడిని పప్పు కావాలా అని అడిగేవాడు. మూడోసారి అంటే అప్పుడు నమ్మేవాడు. మొదటిది మర్యాద, రెండోది మొహమాటం, మూడోది కడుపు. పాతికేళ్ళలో ఏనాడూ అతని అన్నం చెత్తలోకి పోలేదు, ఎవరికీ తక్కువ కాలేదు.

తర్వాత కొలతపళ్ళేలు వచ్చాయి. ఒంటికి ఎంత కావాలో పళ్ళానికే తెలుసు. అంత వచ్చి ఆగిపోతుంది. ఇంకొంచెం అనేవాళ్ళు లేరు, వద్దనేవాళ్ళూ లేరు. మెస్సు మూసి పదకొండేళ్ళయింది. ఇప్పుడతను ఎర్రదిబ్బల నివాస గోపురంలో నూట పద్నాలుగో అరలో ఉంటాడు. అరకి ఒక్కరే. ఈ సాక్ష్యాల ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ అర అతనిది. దానికో కిటికీ కూడా ఉంది.

పొద్దుటినుంచీ అతనికి ఒకటి తోస్తూనే ఉంది. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వచ్చేస్తోంది. ఆకు మీదికి అడ్డంగా వచ్చే చెయ్యిలా. అయినా నిబంధన ప్రకారం అడగవలసింది ఒక్కసారే. అడిగాడు, నొక్కాడు, అడిగాడు, నొక్కాడు.

ముప్పయ్యొకటో పేరు చింతాడ రవణమ్మ. భీమిలి మెట్టవాడ. అరవై మూడేళ్ళు. రేవులో క్రేను నడిపి దిగిన మనిషి. ఏడు భాగాలూ ఒకే జతతో ఆడినది ఆ జాబితాలో ఆమె ఒక్కర్తే.

"సాలింది బాబూ. సాలు."

నాలుగు గుబుళ్ళు. ఆ రోజుకి అందరికన్నా తక్కువ అంకె. దాలినాయుడి వేలు మీట మీదికి వెళ్ళింది. కానీ ఆమె తెరవైపు చూడటం లేదు. కుడి అరచెయ్యి తన అర గోడకి ఆనించి ఉంచింది, జ్వరం చూస్తున్నట్టు.

పాత అలవాటు నోరు దాటి బయటికొచ్చేసింది.

"నిజంగా చాలిందా అమ్మా?"

తెర అంచు పసుపురంగుకి తిరిగింది. ప్రశ్న పునరుక్తి అని కింద రాసి వచ్చింది.

రవణమ్మ నవ్వింది. "అయ్యో, సాలు బాబూ. అంత పెద్ద ఆట కట్టినోలికి వంకలెట్టకూడదు. మొకం ఎంత బాగుందనీ! సినిమా హీరో పనికిరాడు."

"మొగమాటపడకప్పా. నాను మెస్సు నడిపినోణ్ణి. ఇంకో గరిటె ఎయ్యనా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. నుదుటిపట్టీ అంకె నాలుగునుంచి పదకొండుకి, పదకొండునుంచి ముప్పైకి ఎక్కింది. ఆట అయిపోయి నెలన్నర దాటింది. ఇప్పుడు భయపెట్టేదేమీ అక్కడ లేదు.

"ఇలాగడిగినోలు లేరు తమ్ముడూ," అంది. "పల్లెం ఆగిపోతాది, నాను లేసిపోతాను."

"ఏటి తక్కువైంది చెప్పు."

"ఇరవయ్యొక్కేళ్ళ నుంచీ గోడకవతల ఒకడున్నాడు. మగోడో, ఆడదో, నాకేటి తెల్సు? మగోడే అనుకున్నాను. రెండు గబగబా కొడతాడు, మూడోది ఆగి కొడతాడు. ఐదో బాగంలో మూడ్రోజులు కొట్టనేదు. మల్లీ వచ్చినాడు గానీ సెయ్యి నెమ్మదైపోనాది. జబ్బు సేసుంటాది. నోరెత్తి అడగనేను గదా. ఆయేల నుంచి నానూ నెమ్మదిగానే కొడతన్నాను, ఆడికి తొందరవకుండా. ఇప్పుడు గోడ పడిపోనాది, ఒక మొకం సూపించినారు. అది ఆడి మొకం కాదు."

"నువ్వు చూడలేదు కదా, ఎలా తెలిసింది?"

"జబ్బు సేసినోడి మొకం అలాగుంటాదేటి?"

దాలినాయుడు 'నిండు' మీట మీదినుంచి వేలు తీసేశాడు.

"అయిదింటికి పూడ్సేత్తారంట గదా," అంది ఆమె. "నాకు ఆడి పేరక్కర్లేదు. ఊరక్కర్లేదు. ఉన్నాడా లేదా, అంతే. అదొక్కటీ తెలిత్తే పూడ్సుకోమను."

అతను 'వెలితి' మీట నొక్కాడు. దాని కింద ఒక గడి తెరుచుకుంది: ఏం తక్కువైంది? నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆ గడి అతను చూడటం అదే మొదలు. "అవతలి మనిషి" అని రాశాడు.

నిమిషం తిరక్కుండా హైదరాబాదునుంచి సౌగంధి గొంతు వచ్చింది. సాక్ష్యాల పర్యవేక్షకురాలు. నాలుగేళ్ళుగా గొంతే తప్ప ఆమె ముఖం అతను ఎరగడు.

"నాయుడుగారూ, ముప్పయ్యొకటిలో పునరుక్తి కనిపిస్తోంది."

"అడిగాను మేడమ్. మూడుసార్లు."

"సరే, ఒక్క వెలితే కదా. తరుగులో పోతుంది. మిగతా తొమ్మిదీ మామూలుగా కానివ్వండి."

తరుగులో పోతుంది. అతను మనసులో లెక్క కట్టాడు. రవణమ్మ మాట నిలవాలంటే ఇంకా నాలుగు వెలితులు కావాలి. వాటిని పుట్టించనక్కర్లేదు. సంచిలో వేసుకున్న ముప్పై చాలులూ మొదటి చాలులే. మెస్సులో ఏనాడైనా మొదటి చాలు లెక్కన వండి ఉంటే వారం తిరక్కుండా గిరాకీ పోయేది. అటువైపు తన ఒప్పందం, దాంతోపాటు అర. నెలాఖరుకి దాన్ని మళ్ళీ రాయాలి. ఒప్పందం లేనివాళ్ళకి గోపురం అడుగు అంతస్తులో గోడలే ఉంటాయి.

కొంతసేపు కిటికీలోంచి సముద్రం చూశాడు. తర్వాత జాబితాలో మొదటి పేరుకి మళ్ళీ లైను కలిపాడు.

మొదటి పేరు పార్వతీపురం లెక్కల మాస్టారు. ఒకసారి అడిగితే "చాలు" అన్నాడు. రెండోసారి అడిగితే కళ్ళజోడు తీశాడు. మూడోసారికి లేచి నిలబడ్డాడు.

"ఏవయ్యా, నీకేమైనా చెవుడా? నీళ్ళగడియారం చిక్కు విప్పడానికి పదహారు రోజులు పట్టింది నాకు. విప్పాను. తలుపు తెరుచుకుంది. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?"

"ఏమీ వద్దు మాస్టారూ," అన్నాడు దాలినాయుడు, హాయిగా. కడుపు నిండినవాడే అలా విసుక్కోగలడు. నిండు నిండుగానే ఉంచాడు.

రెండో పేరు రెండోసారి అడగ్గానే తడబడింది. ఐదో పేరు మూడోదాకా ఆగి, "మీరు ఎవరికీ చెప్పరు కదా?" అంది. జలవాడ కుట్టుపనావిడ చాలాసేపు దారపుండ చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత చెప్పింది. ఆట అయిపోయిన దగ్గర్నుంచి రోజూ తన అర గోడ మీద తడుతోందట. పక్క అరలో ఎవరో ఉన్నారని తెలుసు, నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. నెలన్నర అయింది, వాళ్ళు తిరిగి తట్టలేదు.

"వాళ్ళూ ఆట అనుకుంటున్నారేమోనండీ," అంది. "భయపడుతున్నారేమో."

ఒంటిగంటకి సౌగంధి మళ్ళీ లైనులోకి వచ్చింది. ఈసారి గొంతులో ఓపిక లేదు.

"ఏం చేస్తున్నారు మీరు? పది నిండులు వెనక్కి తిరిగాయి!"

"మళ్ళీ అడుగుతున్నాను మేడమ్."

"రెండోసారి అడిగితే జవాబు మీరు పుట్టించినట్టే. ఎవరినైనా గుచ్చి గుచ్చి అడిగితే ఏదో ఒక వెలితి చెబుతారు. అందుకే ఒక్కసారే అడగాలన్నారు."

అందులో నిజం ఉందని దాలినాయుడికి తెలుసు. మెస్సులోనూ బలవంతాన తిని కడుపునొప్పి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు.

"గుచ్చడం లేదు మేడమ్. మాస్టారిని మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ నిండే. నిండినవాడు కదలడు. మనవాళ్ళు ఆకలి మీద కూడా మొదట చాలనే అంటారు. మీ ఇంట్లో వడ్డించేవాళ్ళు ఎవరైనా..."

"మా ఇంట్లో వడ్డించేవాళ్ళు లేరు. నేను పళ్ళెంతో పెరిగినదాన్ని."

"మరైతే మీకు తెలిసే వీలు లేదు. తప్పు మీది కాదు."

"మీ ఒప్పందం సంగతి తెలుసుగా?"

"తెలుసు."

"ఇప్పుడే మీ లైను తెంపగలను."

"తెంపండి మేడమ్. పేర్లు అయిపోయేలోపే తెంపాలి మరి."

లైను తెగలేదు. ఎందుకు తెగలేదో అడిగే తీరిక అతనికి లేదు.

నాలుగూ నలభైకి జాబితా పూర్తయింది. నిండు పదిహేడు. వెలితి ఇరవైమూడు. ఆ ఇరవైమూడులో ఇద్దరిని మూడో భాగపు ఇంట్లో తిరిగిందే భయపెట్టింది, ఇప్పటిది వట్టి పిల్లి. ఒకాయనకి చప్పుడు ఎక్కువైంది. ఒకమ్మాయికి ఎనిమిదో భాగం కావాలి. మిగిలిన పంతొమ్మిది గడుల్లోనూ అతను ఒకే మాట రాయవలసివచ్చింది. పంతొమ్మిదిసార్లూ చేత్తోనే రాశాడు.

ఐదయింది. మూత పడలేదు. ముగింపుల మండలి వెలితులన్నిటినీ అల్లకం యంత్రానికి పంపింది. పిల్లిని పులిని చెయ్యడం దానికి చిటికెలో పని, చేసేసింది. చప్పుడు తగ్గించింది. పంతొమ్మిది గడుల దగ్గర మాత్రం ఆగిపోయింది. అవతలి మనిషిని అల్లడానికి ముడిసరుకు లేదని వరసగా పంతొమ్మిదిసార్లు రాసి పంపింది. అది తేలేదాకా గోడలు పూడ్చకూడదు, ఆట ముగించినవాళ్ళకి మూసేసిన పాత గోడలు మళ్ళీ తెరిచి ఆటగాళ్ళందరికీ కబురు పంపాలి. నిబంధన అది కూడా చెబుతుంది.

దాలినాయుడు భీమిలికి లైను కలిపాడు.

"అప్పా, పూడ్చడం ఆగింది. ఎన్నాళ్ళో తెలీదు."

రవణమ్మ పట్టీ నుదుటికి కట్టుకుని ఆటలోకి వెళ్ళింది. తెరమీద అతనికి కనిపించింది ఆమె చెయ్యి మాత్రమే. గాలిలో మూడుసార్లు నెమ్మదిగా తట్టింది. ఆగింది. గుబుళ్ళు యాభై దాటాయి, అరవై దాటాయి. ఏ భాగంలోనూ ఆమెకి అంత భయం నమోదు కాలేదు.

లైనులోంచి చిన్న చప్పుడు వచ్చింది. టకటక. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

టక్.

"ఉన్నాడు," అంది రవణమ్మ. అతనితో మాట్లాడటానికి ఇక ఆమెకి తీరిక లేదు. అతనే లైను వదిలేశాడు.

ఐదుంపావుకి సౌగంధి వచ్చింది. కాగితం చూసి చదువుతున్నట్టు చెప్పింది.

"మీ ఒప్పందం రద్దయింది నాయుడుగారూ. అర ఖాళీ చెయ్యడానికి మూడు రోజుల గడువు."

"మంచిది మేడమ్."

చదవడం అయిపోయింది. అయినా ఆమె వెళ్ళలేదు.

"కిందికి మారడానికి మీకేమైనా సాయం కావాలా? సామానుకి గానీ, దేనికైనా?"

"ఏమీ అక్కర్లేదు మేడమ్. చాలు."

బల్ల సర్దుకుంటూ అతను ఆ రోజు లెక్క మనసులో తేల్చుకున్నాడు. పోయినవి ఒక ఒప్పందం, ఒక అర. వచ్చినవి పదిహేడు నిజమైన చాలులు, ఇరవైమూడు నిజమైన వెలితులు, భీమిలి గోడ మీద మూడు చప్పుళ్ళు. ఇంతే అనుకుని గీత గీయబోయాడు.

లైను ఇంకా తెరిచే ఉంది. అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"నిజంగా అక్కర్లేదా?" అంది సౌగంధి, తనకి రాని భాష కూడబలుక్కుంటున్నట్టు.

దాలినాయుడు లెక్కలో ఇంకొకటి కలుపుకున్నాడు.